హంగేరియన్లను ఆయన ఏమీ అడగలేదు

కార్ల్ శాండ్‌బర్గ్ రాసిన ‘హ్యాపీనెస్’ కవితలో ఆ మాట శీర్షికలో ఒకసారి, మొదటి వాక్యంలో ఒకసారి వస్తుంది. తర్వాత కవిత అయిపోయేదాకా మళ్లీ కనబడదు. తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌లో పిల్లలు చదువుతూ వచ్చిన పాఠమిది. తేలికైన పాఠమనే అంటారు. నిజమే, డిక్షనరీ తీయాల్సిన మాటలు ఒకటో రెండో, నిడివి అరపేజీ కూడా ఉండదు. పనితనమంతా ఆ తేలికలోనే ఉంది.

సంగతి ఇంతే. జీవితానికి అర్థం బోధించే ప్రొఫెసర్లను కవి ఆనందమంటే ఏమిటని అడుగుతాడు. వేలమంది చేత పని చేయించే పెద్ద అధికారుల దగ్గరికీ వెళ్తాడు. అందరూ తల అడ్డంగా ఊపుతారు, తమతో వేళాకోళమాడుతున్నాడేమో అన్నట్టు నవ్వి ఊరుకుంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం షికాగో దగ్గరి డెస్‌ప్లేన్స్ నది వెంట తిరుగుతుంటే చెట్ల కింద హంగేరియన్లు గుంపుగా కనబడతారు. వెంట ఆడవాళ్లు, పిల్లలు, ఒక బీరు పీపా, ఒక అకార్డియన్. కవిత అక్కడితో సరి.

ఇందులో క్రియలు చూడండి. ముందు అడిగాడు, వెళ్లాడు. అంటే మనిషి ఒక పని మీద ఉన్నాడు. తర్వాత తిరిగాడు, చూశాడు. ఇప్పుడు పనీ లేదు, ప్రశ్నా లేదు. హంగేరియన్లను ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కవిత అక్కడే పాడయ్యేది. వాళ్లలో ఏ పెద్దాయనో నాలుగు మంచిమాటలు చెప్పాల్సి వచ్చేది, మనం వాటిని క్లాసు గోడ మీద రంగుతో రాయించేవాళ్లం.

చివరి వాక్యం కట్టిన తీరు ఇంకా బాగుంటుంది. ప్రొఫెసర్లకూ అధికారులకూ కవి తలా ఒక పరిచయం తగిలించాడు, వీళ్లు ఫలానా పని చేసేవాళ్లని. హంగేరియన్లకు అదేమీ లేదు. ఏం పని చేస్తారో, ఉన్నవాళ్లో లేనివాళ్లో చెప్పలేదు. వాళ్ల వెంట ఏముందో మాత్రం నడుమ ఒక్క కామా లేకుండా వరసగా చెప్పుకుపోయాడు. ఆ వాక్యంలో ఆలుబిడ్డలకూ బీరు పీపాకూ ఒకటే మర్యాద. వాద్యాన్ని ఆఖరున ఉంచాడు. పీపా ఆఖరున ఉంటే వాక్యం తాగుడు దగ్గర ఆగేది. ఇప్పుడు పాట మొదలవబోయే చోట ఆగింది.

పాలమూరు ప్రాంతంలోని కొత్తకోటలో చదివే పిల్లకు ఈ గుంపు కొత్త కాదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా డ్యాములు, కాలువలు కట్టిన మనుషులని పేరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో పుణేకో పోవడం, పండక్కి ఊరికి రావడం ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో ఉన్నదే. పరాయి చోట సొంత భాషవాళ్లు చెట్టు కింద చేరి వండుకుని, తాగి, పాడుకునే పూట ఎలా ఉంటుందో ఆ ఇళ్లలోవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. షికాగో చుట్టుపక్కల మిల్లులకూ కబేళాలకూ యూరప్ నుంచి అలా వచ్చి పడ్డవాళ్లు లెక్కలేనంతమంది. శాండ్‌బర్గ్ కూడా 1878లో స్వీడన్ నుంచి వలస వచ్చినవాళ్ల ఇంట పుట్టాడు. పదమూడేళ్లకే బడి మానేసి పాలబండి తోలాడు. ఈ కవిత ఉన్న ‘షికాగో పోయెమ్స్’ 1916లో అచ్చయింది.

ఇంటర్ ఇంగ్లిష్ పుస్తకంలోనే ‘టూ సైడ్స్ ఆఫ్ లైఫ్’ అనే వచన పాఠం ఉంది. 1901లో వచ్చిన బుకర్ టి. వాషింగ్టన్ ఆత్మకథ ‘అప్ ఫ్రమ్ స్లేవరీ’ నుంచి తీసుకున్నది. ఆ ఆత్మకథ మొదటి అధ్యాయంలో ఒక చొక్కా ఉంది. బానిస పిల్లలకు అవిసె నార చొక్కాలు ఇచ్చేవారు. నారలో పనికిరాని ముతక భాగంతో నేసినవి. కొత్తది తొడుక్కోవడమంటే పన్ను పీకించుకున్నంత నరకమంటాడు వాషింగ్టన్. ముళ్ల చెస్ట్‌నట్ కాయలు ఒంటికి రాసుకుపోతున్నట్టు ఉండేదట. మన పిల్లలకు చెస్ట్‌నట్ తెలియదు, పల్లేరుకాయ అంటే అరికాలు గుర్తుపడుతుంది. కొత్తకోట, అమరచింత, గద్వాల మగ్గాల ఊళ్లు కాబట్టి ముతక నూలుకూ సన్న నూలుకూ తేడా ఇక్కడ ఒంటికి తెలిసిన సంగతే.

తర్వాత అన్న జాన్ వస్తాడు. ఆ కొత్త చొక్కాను తమ్ముడి బదులు తానే కొన్నాళ్లు తొడుక్కుని, మెత్తబడ్డాక ఇచ్చేవాడు. బానిసత్వం గురించి చెబుతూ వాషింగ్టన్ ఇక్కడ కొరడా ఎత్తలేదు, చొక్కా ఎత్తాడు. అన్నను ఒక్క మాటలో మెచ్చుకుని ముందుకు వెళ్లిపోయాడు. ఇంకో రెండు వాక్యాలు కన్నీళ్లు పెట్టించేవి రాయగలడు, రాయలేదు.

బానిసల విడుదల రోజునూ పిల్లవాడి కంటితోనే చూపిస్తాడు. ఎవరో కొత్త మనిషి వచ్చి కాసేపు మాట్లాడి, పొడుగాటి కాగితం చదివాడు. అమ్మ బిడ్డలను ముద్దుపెట్టుకుని, కళ్లనీళ్లతో దాని అర్థం చెప్పింది. సంబరం ఎంతోసేపు నిలవలేదు. గుడిసెలు చేరేసరికి బతుకు సంగతి ముందుకొచ్చింది. ఇల్లు, తిండి, పిల్లల చదువు, ఇకనుంచి అన్నీ తామే చూసుకోవాలి. డెబ్బై ఎనభై ఏళ్ల ముసలివాళ్లు ఒక్కొక్కరే ఎవరికంటా పడకుండా దొరల ఇంటికి వెళ్లి, ఏం చేయాలో గుసగుసగా మాట్లాడుకుని వచ్చారు. పాత యజమానుల మీద వాళ్లకు మమకారం ఉండేదని వాషింగ్టన్ చెప్పేచోట నాకు కాస్త ఎక్కువనిపిస్తుంది. చాటుగా ఆ నడక చాలు, కారణం మనకే తెలుస్తుంది.

ఇక గైడ్లు. ‘హ్యాపీనెస్’ సారాంశం ఏ గైడు తెరిచినా ఆనందం డబ్బులో లేదు, సాదా జీవితంలో ఉంది అనే ఉంటుంది. కవి అంత జాగ్రత్తగా వదిలేసిన వాక్యాన్ని తెచ్చి అతికిస్తారు. వాషింగ్టన్ పాఠంలో స్వేచ్ఛ వెంట బాధ్యత వస్తుందన్న మాట రచయితే అన్నాడు కాబట్టి అక్కడ తప్పుపట్టలేం. పరీక్షలో అనొటేషన్‌కు నాలుగు మార్కులు. కవి, సందర్భం, వివరణ అని మూడు ముక్కలుగా రాయాలి. వివరణ దగ్గర ఏ పిల్లయినా గైడు పక్కన పెట్టి, ‘కవి హంగేరియన్లను ఏమీ అడగలేదు, దూరం నుంచి చూశాడంతే’ అని రాస్తే, పేపరు దిద్దేవాళ్లు నాలుగుకు నాలుగూ వేయొచ్చు.