చేతికి తెలిసే గుర్రం

మన భుజాన్ని ఛాతీతో కలపడానికి ఒక ఎముక ఉంటుంది. గుర్రానికి అది లేదు. దాని ముందుకాళ్లు మొండేన్ని పట్టుకుని ఉన్నది కండరాలతోనూ, వాటిని కట్టిపెట్టే బంధాలతోనూ మాత్రమే. నిలబడ్డప్పుడు ఒంటి బరువులో దాదాపు 60 శాతం పడేది ఆ ముందుకాళ్ల మీదే. మోకాలి కిందకి దిగితే కండ అనదగింది దాదాపు ఏమీ ఉండదు, అంతా స్నాయువులే. వాటిని లాగి నడిపించే కండరాలు మోకాలికి పైన, కాలి పైభాగంలో ఉంటాయి. పైన కండ బిగుసుకుంటే కింద స్నాయువు మీద భారం పెరుగుతుంది. గుర్రం కుంటితే చాలామంది గిట్ట వైపు చూస్తారు. మాలిష్ తెలిసినవాడు మూపు, భుజం, నడుము, పిర్ర కూడా తడిమి చూస్తాడు.

ఈ తడమడం పాత విద్యే. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు రచయిత జెనోఫోన్, గుర్రం వీపును చేత్తోనే, వెంట్రుకలు వాలిన దిశలోనే రుద్దాలని రాశాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రాజాశ్వాలకు రోజుకు రెండుసార్లు స్నానం, గంధం, పూలమాలలు విధించింది. శాలిహోత్రుడి పేరుమీద అశ్వవైద్యం ఒక శాస్త్రంగానే పెరిగింది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద పద్యకావ్యమే రాశాడు. ఆధునిక కాలంలో అమెరికన్ మర్దన నిపుణుడు జాక్ మీగర్, క్రీడాకారుల కండరాలకు చేసే చికిత్సను గుర్రాలకు మళ్లించి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నాటికి అమెరికా జట్టు గుర్రాలతో పనిచేశాడు. గుర్రపు క్రీడల్లో మర్దన ఒక వృత్తిగా నిలదొక్కుకోవడంలో ఆయన పాత్ర పెద్దది.

లాయంలో పని గొరపంతో మొదలవుతుంది. దుమ్ము, చెమట ఉప్పు పోయాక చేతులు దిగుతాయి. మొదట నిమరడం: అరచేయి మొత్తం ఆనించి, మెడ నుంచి వెనక్కి, వెంట్రుకల వాలు వెంట. దీంతో గుర్రం చేతికి అలవాటు పడుతుంది, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ గట్టిగా ఉందో చేతికీ తెలుస్తుంది. తర్వాత పిసకడం: మెడ, భుజం, పిర్రల వంటి మందమైన కండను పట్టి ఎత్తి వదలడం. గడ్డకట్టినట్టున్న చోట బొటనవేలితోనో వేళ్ల కొసలతోనో, కండరపు నారకు అడ్డంగా నెమ్మదిగా రుద్దుతారు. చివర మళ్లీ నిమిరి, కాలును దాని సహజ పరిధిలోనే ముందుకూ వెనక్కూ సాగదీస్తారు. వెన్నుపూసల మీద నేరుగా ఒత్తరు. వాటికి ఇరువైపులా పారే పొడవాటి కండరమే జీను బరువును మోసేది కాబట్టి చేతులు ఎక్కువ సేపు అక్కడే ఉంటాయి.

అశ్వికదళాల్లో ఇంకో పద్ధతి ఉండేది. కాస్త తడిపిన ఎండుగడ్డిని తాడులా పేని, ముడేసి, పిడికిట పట్టే కట్ట చేసి, మెడ మీదా భుజం మీదా పిర్రల మీదా లయగా చరిచేవారు. ప్రతి దెబ్బకూ కండ బిగుసుకుని వదులవుతుంది, అదే దానికి వ్యాయామం. నడుము, పొట్ట, ఎముక తేలిన చోట్లు మాత్రం వదిలేసేవారు.

ఎంత ఒత్తాలో గుర్రమే చెబుతుంది. తల కిందకి దించి, రెప్పలు సగం వాల్చి, కింది పెదవి జారవిడిచి, ఆవులిస్తే పని సరిగా సాగుతున్నట్టు. చెవులు వెనక్కి అణిచినా, తోక విసిరినా, వీపు కిందకి కుంగదీసినా చేయి తేలిక చేయాలి. గుర్రాలు తమలో తాము కూడా మూపు దగ్గర పళ్లతో గీరుకుంటాయి. ఫ్రాన్స్‌లో కామార్గ్ గుర్రాల మీద జరిపి 1993లో ప్రచురించిన పరిశోధనలో, అదే చోట చేత్తో గీరితే గుండె వేగం తగ్గుతుందని తేలింది.

మాలిష్ కండరాల్లోని లాక్టిక్ ఆమ్లాన్ని కడిగేస్తుందని లాయాల్లో చెప్పుకుంటారు. నిజానికి పరుగు ఆగి గుర్రం చల్లబడేలోపే అందులో చాలా భాగం తనంతట తానే పోతుంది. పరిశోధనలు చూపిన లాభాలు వేరు: నొప్పి తట్టుకునే పరిమితి పెరగడం, వెనక తొడ కండరాలకు మర్దన చేశాక కాలు మరింత ముందుకు సాగడం. ఇవి అద్భుతాలు కావు, కానీ రోజూ జీను మోసే జంతువుకు చిన్నవీ కావు.

జ్వరం, పచ్చిపుండు, తామర, కొత్తగా వాచిన స్నాయువు ఉంటే చేయి పెట్టకూడదు. పని తర్వాత గుర్రం ఒళ్లంతా బిగుసుకుని, చెమటలు పట్టి, కాఫీ రంగు మూత్రం పోస్తే అది కండరాలు విచ్ఛిన్నమవుతున్న లక్షణం. అప్పుడు మాలిష్ చేయకూడదు, నడిపించకూడదు, వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

మాలిష్ అసలు విలువ ఈ గుర్తుపట్టడంలోనే ఉంది. నిన్న లేని వేడి, నిన్న లేని గడ్డ, నిన్న లేని ఉలికిపాటు ముందుగా తెలిసేది రోజూ తడిమే చేతికే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. రేసు గుర్రమైనా, పెళ్లి ఊరేగింపు గుర్రమైనా, పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రమైనా దాణాతో పాటు దానికి రోజూ పది నిమిషాల మాలిష్ కూడా బాకీ ఉందని యజమానులు గుర్తించాలి.