తట్ట మోసిన చేతులు

రామప్ప గుడి శిల్పాలు చూసి ముక్కున వేలేసుకుంటాం. పక్కనే చెరువు కట్టిన కూలీల పనితనం అంతకు తీసిపోదు. మన్ను తవ్వి, తట్టకెత్తి, కట్ట మీద పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఒక్క పొర వదులైతే వానాకాలంలో గండి ఖాయం. అలలకు మన్ను కరగకుండా నీటివైపు రాళ్లు పేర్చడం మరో విద్య. కాకతీయుల నాటి ఆ చెరువు నేటికీ పొలాలు తడుపుతోంది.

ఆ కూలీల కన్నా సముద్రం మీద కళాసీల బతుకు ఇంకా గడ్డు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునేవారు. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంతో దాన్ని మాన్పించి, సుంకంతో సరిపెట్టాడు. మంచి పనే. కానీ ఆ అభయం వర్తకుడి సరుకుకు. గాలివానలో తెరచాప దించిన కళాసీకి సొంత నేర్పే దిక్కు. ఆ నేర్పుకూ ఒక శాసనం వేయించాల్సింది.