అరవై నాలుగు గళ్లూ, అరవై ఒక్క గళ్లూ

చదరంగం బల్ల మీద గడిగడికీ గింజలను రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్లకు అయ్యే మొత్తం 18446744073709551615. పావులూరి మల్లన పద్యం పుణ్యమా అని మనలో చాలామందికి ఇది నోటికే వచ్చు. మూడు గళ్లు ముందే ఆగితే వచ్చేది 2305843009213693951. దీన్ని మనవాళ్లెవరూ పద్యంలో పెట్టినట్టు లేదు. ఇది ప్రధాన సంఖ్య అని 1883లో రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ అనే చర్చి గురువు తేల్చాడు.

మల్లనది భద్రపరిచే విద్య. అంకెలకు బదులు మాటలు: చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడక. రాతలో అంకె జారితే ఎవరికీ తెలియదు, పద్యంలో మాట జారితే చెవి పట్టేస్తుంది. అటు ఫ్రాన్సులో మెర్సెన్ 1644లో ఎన్ని గళ్ల మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో జాబితా ఇస్తూ 61 ఉండాల్సిన చోట వదిలేసి, ఉండకూడని 67ను చేర్చాడు. అచ్చుతప్పేమోనని కూడా అనుకున్నారు. మనవాడు ఇరవై అంకెలు పొల్లుపోకుండా దాటించాడు, ఆయనకు రెండంకెల దగ్గరే కాలు జారింది. అలాగని మెర్సెన్‌ను తీసిపారేయలేం. ఈ సంఖ్య ముక్కలవుతుందా, కాదా అన్నది ఆయన ప్రశ్న. పద్యానికి ఆ ఊసే లేదు.

మనది ముక్కలవుతుంది, అదీ ఎంతో ఒద్దికగా. 64ను సగం చేస్తూ పోవచ్చు గనక సంఖ్య కూడా అంచెలంచెలుగా విడిపోయి 3, 5, 17, 257, 65537 వరుసగా రాలతాయి. మిగిలిన 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటివాడు నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా విరిచాడు. 61 అలా సగమయ్యేది కాదు, అసలు అదే ప్రధాన సంఖ్య. అయినా అదొక్కటే చాలదు: 11 కూడా ప్రధానమే, కానీ పదకొండు గళ్ల మొత్తం 2047 అంటే 23 ఇంటూ 89.

ఆయిలర్ 641ని గుడ్డిగా పట్టుకోలేదు. 4294967297ను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం ఒకటే రావాలి. అలాగే 61 గళ్ల మొత్తానికి కారణాంకం ఉంటే, దాన్ని 122తో భాగించినా శేషం ఒకటే. రెండింటికీ మూలం ఒక్కటే: రెట్టింపులు చేస్తూ పోతే శేషాలు తిరిగి మొదటికి రావడం. 33వ గడిలోని గింజలను 641 మందికి పంచి చూడండి, సరిగ్గా ఒక్క గింజ తక్కువ పడుతుంది. అది వేస్తే తలా 6700417. అరవై ఒక్క గళ్ల మొత్తాన్ని మాత్రం అంతకు తక్కువమంది ఎందరు కూర్చున్నా సమంగా పంచుకోలేరు, ఒక్కరే అంతా తీసుకుంటే తప్ప. అరవై రెండో గడి కలిపితే ముగ్గురికి వెంటనే సరిపోతుంది.