ఒకే పార్టీ ఉన్నచోట ఎవరికి చెప్పుకోవాలి?

సోషలిస్టు రాజ్యంలో ఒకే పార్టీ ఉంటే అది నిజమైన ప్రజాస్వామ్యం కాగలదా? ఈ ప్రశ్న వేసినవాడి మీద బూర్జువా భావజాలం ముద్ర వేయడం మనలో చాలాకాలం సాగిన అలవాటు. ఇదే ప్రశ్నను చూపించి సోషలిజాన్నే కొట్టిపారేయడం ఎదుటి పక్షం అలవాటు. రెండూ చర్చను తప్పించుకునే మార్గాలే. సాహిత్య విద్యార్థిని కనుక నేను ఒక నవల దగ్గర మొదలుపెడతాను.

వసీలీ గ్రాస్‌మన్ సోవియట్ సమాజానికి బయటివాడు కాడు. ఎర్రసైన్యం పత్రిక విలేకరిగా స్టాలిన్‌గ్రాడ్ పోరాటాన్ని దగ్గరుండి చూసి రాశాడు. ట్రెబ్లింకా మరణశిబిరపు ఘోరాన్ని 1944లోనే లోకానికి చెప్పాడు. యుద్ధానుభవంలోంచే 'జీవితం - విధి' అనే పెద్ద నవల రాశాడు. 1961 ఫిబ్రవరిలో భద్రతా శాఖవాళ్ళు వచ్చి రాతప్రతులతోబాటు టైపు మిషను రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. రచయితను అరెస్టు చేయలేదు; అరెస్టయింది నవల. తన పుస్తకానికి స్వేచ్ఛ ఇమ్మని ఆయన క్రుశ్చేవ్‌కు లేఖ రాశాడు. పార్టీ సిద్ధాంతకర్త సుస్లోవ్ పిలిపించి మాట్లాడాడు కాని పుస్తకం తిరిగి ఇవ్వలేదు. 1964లో గ్రాస్‌మన్ చనిపోయాడు. నవల 1980లో స్విట్జర్లాండులో, 1988లో స్వదేశంలో అచ్చయింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలతో మన ముందు తరం పెరిగింది; వాటిలో ఈ నవలకు చోటుండే అవకాశమే లేకపోయింది.

పుస్తకాన్ని ఆపింది పార్టీ. అది అన్యాయమని రచయిత మొరపెట్టుకోవలసిందీ ఆ పార్టీకే. కోర్టుకు పోదామంటే నేరారోపణే లేదు. పత్రికకు రాద్దామంటే పత్రికలన్నీ పార్టీ అదుపులోనివే. ఓటుతో మారుద్దామంటే ఒక స్థానానికి ఒకే అభ్యర్థి. నేను బడిపంతుల్ని. పరీక్ష రాసినవాడే తన పేపరు దిద్దుకుంటే, వాడెంత నిజాయితీపరుడైనా, ఆ మార్కులను ఎవరూ నమ్మరు.

నవలలోని భౌతిక శాస్త్రవేత్త విక్టర్ ష్ట్రూమ్ పాత్ర ఈ విషయాన్నే ఇంకా లోతుగా చూపిస్తుంది. అతని సిద్ధాంతం పార్టీ దృక్పథానికి విరుద్ధమని సంస్థలో దాడి మొదలవుతుంది. తప్పు ఒప్పుకోమంటారు. అతను ఒప్పుకోడు. స్నేహితులు దూరమవుతారు; ఏ రాత్రి తలుపు తడతారోనని ఎదురుచూస్తాడు. అంతలో స్టాలిన్ స్వయంగా ఫోన్ చేసి నాలుగు మంచిమాటలు చెబుతాడు. తెల్లవారేసరికి అందరూ ఆప్తులే. కొద్దిరోజులకు నిర్దోషులపై అభియోగాలను బలపరిచే లేఖ మీద సంతకం పెట్టమంటారు. భయపెట్టినప్పుడు లొంగనివాడు ఆదరించినప్పుడు లొంగిపోతాడు, సంతకం పెడతాడు. శిక్షా దయా ఒకే చేతినుంచి వచ్చేచోట మనిషికి పౌరుడిగా నిలబడే చోటు మిగలదని ఈ ఘట్టం చెబుతుంది. ఏ రాజనీతి గ్రంథమూ ఇంత సూటిగా చెప్పలేదని నా అభిప్రాయం.

ఇక సిద్ధాంతపరమైన వాదనలు చూద్దాం. పార్టీ వర్గానికి ప్రతినిధి. శత్రువర్గాలు లేనిచోట రెండో పార్టీకి పునాది లేదని 1936లో రాజ్యాంగ ముసాయిదాపై స్టాలిన్ వాదించాడు. నిజంగా పునాది లేకపోతే నిషేధించవలసిన అవసరమేమిటి? మొలవని విత్తనానికి కంచె దేనికి? పైగా ఒకే శ్రామికవర్గంలోనూ గనికార్మికుడి అవసరం వేరు, సామూహిక క్షేత్రంలోని రైతు అవసరం వేరు. మార్క్స్ కొనియాడిన 1871 పారిస్ కమ్యూన్‌లో బ్లాంకీ, ప్రూధాన్ అనుయాయులు కలిసే పనిచేశారు. అక్టోబరు విప్లవం తర్వాత కూడా కొన్ని నెలలు వామపక్ష సోషలిస్టు రివల్యూషనరీలు ప్రభుత్వంలో భాగస్వాములు.

పార్టీ లోపలి ప్రజాస్వామ్యం చాలుననేది రెండో వాదన. 1921 మార్చిలో పదో మహాసభ పార్టీలో ముఠాలను నిషేధించింది. 1934 మహాసభ ఎన్నుకున్న కేంద్రకమిటీ సభ్యులు, అభ్యర్థి సభ్యులు 139 మందిలో 98 మందిని ఆ తర్వాత అరెస్టు చేసి కాల్చిచంపారని 1956లో క్రుశ్చేవే వెల్లడించాడు. బయటివాళ్ళ నోరు మూసిన చెయ్యి లోపలివాళ్ళ గొంతు దాకా రావడానికి ఎక్కువకాలం పట్టలేదు.

మూడో వాదన చుట్టుముట్టిన శత్రువుల గురించి. దీన్ని తేలిగ్గా తీసెయ్యరాదు. అంతర్యుద్ధమూ, విదేశీ సేనల దాడీ కట్టుకథలు కావు. రోజా లక్సెంబర్గ్ 1918లో జైల్లో ఉండి విప్లవాన్ని సమర్థిస్తూనే, అవసరం కొద్దీ చేసినదాన్ని సిద్ధాంతంగా నిలబెట్టవద్దని హెచ్చరించింది. జరిగింది అదే. ఆపద గడిచినా అదుపు సడలలేదు. 1977 రాజ్యాంగం ఆరో అధికరణంలో పార్టీ నాయకత్వం చట్టమైంది.

మరి బహుళపార్టీ వ్యవస్థ పవిత్రమా? కాదు. డబ్బు ఓటును కొనడం మనకు కొత్త కాదు. 1957లో కేరళ ప్రజలు ఎన్నుకున్న కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని 1959లో కేంద్రం బర్తరఫ్ చేసింది. ప్రజాస్వామ్యం పేరెత్తేవాళ్ళు ఆ మచ్చను మరిచిపోరాదు. అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. 1967లో కేరళ ఓటర్లు మళ్ళీ కమ్యూనిస్టుల నాయకత్వంలోని కూటమిని గెలిపించారు. పశ్చిమ బెంగాల్‌లో 34 ఏళ్ళు పాలించిన వామపక్ష కూటమి 2011లో ఓడి గద్దె దిగింది. ఆ ఓటమి మనకు బాధాకరమే. కాని ఓడినా బతికివుండే హక్కూ, తప్పు దిద్దుకుని మళ్ళీ ప్రజల దగ్గరికి వెళ్ళే దారీ మిగిలాయి.

సోవియట్ పార్టీకి ఆ దారి లేకపోయింది. నిరక్షరాస్యతను తుడిచిపెట్టిన, ఫాసిజాన్ని ఓడించిన దేశమది. ఆ గౌరవం చెక్కుచెదరదు. 1990లో ఆరో అధికరణాన్ని సవరించి ఇతర పార్టీలకు చోటిచ్చేనాటికే ఆలస్యమైపోయింది. ఒకప్పుడు దాదాపు కోటి తొంభై లక్షల సభ్యులున్న పార్టీని 1991లో మూసేస్తుంటే, కాపాడుకోవడానికి శ్రామికులు పెద్దఎత్తున కదల్లేదు. ఏడు దశాబ్దాలు తమ పేరున ఎవరో మాట్లాడితే, తామే మాట్లాడవలసిన రోజున జనం మౌనంగా ఉండిపోయారు.

కనుక నా జవాబు: కాదు. ఒకే పార్టీ బడులూ ఆసుపత్రులూ కట్టగలదు, యుద్ధాలు గెలవగలదు. తనను కాదనే హక్కును ప్రజలకు ఇవ్వనంతకాలం ప్రజాస్వామ్యం కాలేదు. ఉత్పత్తి సాధనాలు అందరివీ కావాలని కోరే మనం అధికారం ఒక్కరిదే కావాలని ఎలా కోరగలం? ఈ మాట అభ్యుదయ రచయితలు చెప్పకపోతే మరొకరు చెబుతారు, సోషలిజాన్ని పాతిపెట్టడానికి. మనం చెప్పవలసింది దాన్ని బతికించడానికి.