మైక్రోవోల్టు ఖరీదు

10 గిగాహెర్ట్జ్ వీసీవో కావాలంటూ వచ్చే స్పెసిఫికేషన్లలో మొదటి వరుస దాదాపు ఎప్పుడూ ఒకటే: ట్యూనింగ్ రేంజ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఇంకాస్త కిందికి దిగితే ఫేజ్ నాయిస్, అంటే ఫ్రీక్వెన్సీలో వణుకు, ఎంత తక్కువుంటే అంత మంచిదని ఉంటుంది. ఈ రెంటికీ పడదని అడిగేవాళ్లకు తెలియక కాదు. చిప్ గీసేవాడు ఎలాగోలా చూసుకుంటాడులే అన్న ధీమా.

వోల్టేజీ మారిస్తే ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటరే వీసీవో. లోపల ఒక ఇండక్టర్, ఒక వరాక్టర్, ఆ రెంటిలో ఆవిరయ్యే శక్తిని ఎప్పటికప్పుడు భర్తీ చేసే ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఇండక్టర్, వరాక్టర్ల జతను ట్యాంక్ అంటారు. వరాక్టర్‌కి రివర్స్ వోల్టేజీ పెంచేకొద్దీ కెపాసిటెన్స్ తగ్గి ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. అర నానోహెన్రీకి అర పికోఫారడ్ జతపడితే సుమారు 10 గిగాహెర్ట్జ్. అందులో 5 ఫెమ్టోఫారడ్లు తేడా వచ్చినా 50 మెగాహెర్ట్జ్ జరిగిపోతుంది. రెండు లోహపు గీతలు కాస్త దగ్గరగా నడిస్తే చాలు, ఆ 5 ఫెమ్టోఫారడ్లు పిలవకుండానే వచ్చి చేరతాయి. ఈ పనిలో స్కీమాటిక్ కంటే లేఅవుటే అసలు డిజైన్ అని నేననేది అందుకే.

ఇక రేంజ్ సంగతి. అందుబాటులో ఉన్న వోల్టేజీ కొద్దిగానే ఉంటుంది కాబట్టి, రేంజ్ పెరగాలంటే ఒక్కో వోల్టుకు ఎక్కువ మెగాహెర్ట్జ్ జరగాలి. వోల్టుకు 200 మెగాహెర్ట్జ్ అనుకుందాం. ట్యూనింగ్ లైన్ మీద 10 మైక్రోవోల్టుల నాయిస్ ఉంటే ఫ్రీక్వెన్సీ 2 కిలోహెర్ట్జ్ ఊగుతుంది. వోల్టుకు 1000 మెగాహెర్ట్జ్ చేస్తే అదే నాయిస్‌కి 10 కిలోహెర్ట్జ్. పైగా వరాక్టర్ వాటా పెరిగేసరికి దాని నష్టాలు ట్యాంక్ క్యూని, అంటే శక్తిని నిలుపుకునే నాణ్యతను, కిందికి లాగేస్తాయి. డేవిడ్ లీసన్ 1966లో ఇచ్చిన సూత్రం ప్రకారం క్యూ సగమైతే ఫేజ్ నాయిస్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చిప్ మీది ఇండక్టర్ల క్యూ మామూలుగా 10, 20 మధ్యే. క్వార్ట్జ్ క్రిస్టల్‌కి వేలల్లో ఉంటుంది. అంత బీద ట్యాంక్ నుంచి ఇంకా తీసెయ్యడానికి నాకు మనసొప్పదు.

దీని ఫలితం రోడ్డు మీద కనిపిస్తుంది. 77 గిగాహెర్ట్జ్ కారు రాడార్‌కి లారీ నుంచి వచ్చే ప్రతిధ్వని బలమైనది, దాని పక్కన నడిచే మనిషిది బలహీనం. ఆసిలేటర్ ఫేజ్ నాయిస్ ఎక్కువైతే లారీ ప్రతిధ్వని అంచులు విస్తరించి మనిషిని మింగేస్తాయి.

నా పద్ధతి తంబూరాది. బిరడలతో శ్రుతికి దగ్గరగా తెచ్చి, మిగతాది పూసలతో సరిచేస్తారు కదా. అలాగే స్విచ్చులతో కలిపే కెపాసిటర్లతో బ్యాండ్ ఎంచుకుని, లోపల చిన్న వరాక్టర్‌తో సర్దుకోవాలి. సిలికాన్‌లో ఇది తేలిక. గాలియం ఆర్సెనైడ్‌లో స్విచ్చుల నష్టం భరించలేకపోతే, ఇరుకు రేంజ్ వీసీవోలు రెండు మూడు పక్కపక్కన పెట్టి కావలసినదాన్ని నడపొచ్చు. చిప్ వైశాల్యం పెరుగుతుంది, నిజమే. ఫ్రీక్వెన్సీని ఏకధాటిగా పైకి నడిపే రాడార్‌లో మధ్యలో బ్యాండ్ మార్చడం కుదరదన్నదీ నిజమే. కానీ 76 నుంచి 77 గిగాహెర్ట్జ్ వరకు నడవడానికి కావలసింది ఒకటిన్నర శాతం లోపే. చిప్ తయారీలో వచ్చే తేడాలకూ ఎండా చలికీ మార్జిన్ కలిపినా అది మరీ పెద్ద రేంజ్ కాదు.

కొత్త చిప్ బెంచ్ మీదికి రాగానే ముందు బ్యాటరీతో నడిపి ఫేజ్ నాయిస్ కొలుస్తాను, ఆ తర్వాతే పవర్ సప్లైతో. రెండు గ్రాఫులూ కలవకపోతే చిప్‌ని అనుమానించను, సప్లైని అనుమానిస్తాను. ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

స్పెసిఫికేషన్లు రాసే మిత్రులకు ఒక మనవి. రేంజ్ గడి నింపేముందు, ట్యూనింగ్ లైన్ మీద మీ బోర్డు ఎన్ని మైక్రోవోల్టుల నాయిస్ పెడుతుందో కొలిచి రాయండి. ఆ అంకె లేని కాగితాన్ని నేను వెనక్కి పంపేస్తున్నాను.