రెండు పైపులు చెప్పే సంగతి

డెట్రాయిట్, మినియాపోలిస్ ప్రాంతాల్లో జనవరి నెలలో కారు హీటర్ చల్లగాలి కొడితే ముందు అద్దం మీద మంచు కరగదు, దారి కనబడదు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో చాలామంది నేరుగా షాపుకి పోయి, అడిగినంత కట్టి వస్తారు. కానీ అమెరికాలోనే ఇంటి ముందు బానెట్ ఎత్తి, జబ్బేమిటో సొంతంగా తేల్చుకునే పాత అలవాటు ఒకటుంది. బోస్టన్ ప్రాంతానికి చెందిన మాగ్లియోజీ సోదరులు టామ్, రే 1987 నుంచి 2012 దాకా ‘కార్ టాక్’ రేడియో కార్యక్రమంతో దేశమంతా దానికి అభిమానుల్ని సంపాదించారు. ఫోన్ చేసినవాళ్ల నోటితోనే కారు చప్పుడు చేయించి, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేవారు. చూడటం, వినడం, వాసన పట్టడం, తాకడం - హీటర్‌కి చాలావరకు ఇవి సరిపోతాయి.

పెట్రోలు కారు హీటర్‌కి సొంత పొయ్యి లేదు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ డాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌లోంచి పారుతుంది. ఫ్యాను దాని మీదుగా గాలిని తోలుతుంది. అందుకే గాలి చల్లబడితే ముందు ఇంజిన్ వైపే చూడాలి.

మొదట కూలెంట్ మట్టం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి. వేడి మీద తీస్తే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మొహాన చిమ్ముతుంది. మట్టం తగ్గితే నింపి ఊరుకోవద్దు, అది ఎటు పోయిందో తెలియాలి. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, లోపల తియ్యటి వాసన వేసి, అద్దానికి జిడ్డుపొర పడుతుంటే కోర్ కారుతున్నట్టే.

మట్టం సరిగానే ఉండి, ఎంత దూరం నడిపినా ఉష్ణోగ్రత ముల్లు మధ్యకి రాకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని మొదటి అనుమానం. చాలా కార్లలో అది 82 - 95 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవాలి. చవక వస్తువు, మార్చేస్తే సరి.

ముల్లు మధ్యకి వచ్చినా గాలి చల్లగానే ఉంటే అప్పుడుంది అసలు పరీక్ష. ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉన్న రేకుగోడలోకి రెండు రబ్బరు పైపులు వెళ్తాయి. ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, ఫ్యానుకి ఎడంగా, ముందు సెగ చూసుకుని తర్వాత తాకాలి. రెండూ కాలుతుంటే కూలెంట్ బాగానే పారుతోంది, లోపం గాలిదారి తలుపుదో, దాన్ని తిప్పే చిన్న మోటారుదో. వేడి తగ్గించి పెంచుతుంటే డాష్‌బోర్డు వెనక టకటకమని వినిపిస్తే ఆ మోటారు పళ్లు అరిగిపోయి ఉంటాయి. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయింది, లేదా హీటర్ వాల్వు ఉన్న కార్లలో ఆ వాల్వు మూసుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ అక్కడిదాకా రావడమే లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెచ్చబడి, బండి ఆగితే చల్లబడుతుంటే మట్టం తగ్గడమో, లోపల గాలి చిక్కుకోవడమో, కూలెంట్‌ని తిప్పే పంపు బలహీనపడటమో కారణం. స్కానర్ పెడితే మహా అయితే పీ0128 అనే కోడ్‌తో ఇంజిన్ తగినంత వేడెక్కలేదని చెబుతుంది, ఏ పైపు చల్లగా ఉందో చెప్పదు. ఆ పని చెయ్యి చేస్తుంది. అందుకే నాకు ఈ పరీక్షంటే అంత గౌరవం.

పూడుకున్న కోర్‌ని పారేయనక్కర్లేదు. పైపులు రెండూ విప్పి, కారిన కూలెంట్‌ని బకెట్‌లో పట్టాలి. దాన్ని నాకితే కుక్కలూ పిల్లులూ చచ్చిపోవచ్చు. కూలెంట్ బయటికొచ్చే వైపు నుంచి తోట పైపుతో నీళ్లు ఎదురు పంపాలి. ముందు తుప్పురంగు మడ్డి, తర్వాత టీ రంగు నీళ్లు, చివరికి తేటనీళ్లు వస్తాయి. ధార గట్టిగా పెడితే పలచని కోర్ చిట్లుతుంది. లోపల నీళ్లు మిగిలితే చలికి గడ్డకడతాయి కాబట్టి ఊది బయటికి పంపి, నీళ్లు కలపని కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో పోయాలి. ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ముక్కు ఎత్తుగా ఉండేలా కారుని వాలు మీద నిలిపితే చిక్కుకున్న గాలి తేలిగ్గా బయటపడుతుంది.

ఈ వరుస పాటించకుండా కోర్ మార్చడానికి ఒప్పుకోవద్దు. చాలా కార్లలో డాష్‌బోర్డు మొత్తం ఊడదీస్తే గానీ అది చేతికి రాదు, కూలి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

నడుపుతుండగా వెచ్చటి గాలి ఉన్నట్టుండి చల్లబడి, ముల్లు మాత్రం ఎర్రగీత వైపు పాకుతుంటే కూలెంట్ చాలావరకు కారిపోయి ఉంటుంది. ఇంటిదాకా వెళ్దామనుకోకుండా బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి.