దోహాలో దోసె పెనం

దోహాలోని సూఖ్ వాకిఫ్ బజారులో మజ్బూస్ అనే మాంసం అన్నం వండే పెద్ద పెద్ద దేగిసాలు అమ్ముతారు. ఏ పాత్ర కొన్నా ముందు లోహం చూసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకంటే అల్యూమినియంలో వేడి పదిరెట్లకు పైగా బాగా పాకుతుంది. కానీ చింతపండు పులుసుకు స్టీలే మేలు. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే చెడుతుంది.

దోసెకు మాత్రం పోత ఇనుముకు సాటి లేదు. నిదానంగా కాగుతుంది, చల్లటి పిండి పడినా వేడి వదలదు. కొత్త పెనానికి పలచగా నూనె పట్టించి పొగ వచ్చేదాకా కాలిస్తే, ఆ నూనే నల్లని గట్టి పొరవుతుంది. నీళ్లు చిలకరించి, చుయ్యిమన్న చప్పుడును బట్టి సెగ పోల్చుకుని, సగం కోసిన ఉల్లిపాయతో పెనం తుడిచే దోసె మాస్టారి నేర్పు నిజంగా గొప్పది. ఎలక్ట్రిక్ పొయ్యి ఉన్న ఫ్లాట్లకు చదునైన అడుగున్న పెనమే కొనాలి. ఇండక్షన్ పొయ్యికైతే అయస్కాంతం అంటుకునేది కావాలి.